పదహారు మగ్గం గుంతలు

పుట్టింది జగిత్యాలలో, మెట్టింది కోరుట్లలో, బదిలీ మీద వచ్చి పడింది సిరిసిల్లలో. ఈ మూడింటిలో నేను కోరుకున్నది ఒక్కటీ లేదు. ఆయన మస్కట్‌లో, అత్తమ్మ కోరుట్లలో, నేను సిరిసిల్లలో మానేరు వాగు దిక్కు ఒక అద్దె గదిలో. శనివారం బడి కాగానే బస్సెక్కి, వేములవాడలో మారి, కోరుట్ల చేరేసరికి నడుములు పడిపోయేవి. సోమవారం చీకటితోనే మళ్లీ తిరుగు ప్రయాణం. అన్నలు, అంటే నక్సలైట్లు, బంద్ అంటే బస్సు లేదు. ఎక్కడో బస్సు తగలబడిందంటే వారం దాకా లేదు. వాళ్లు ఆపినా మేమే దిగాలి, పోలీసులు ఆపినా మేమే దిగాలి. తొంభైల మొదట్లో మా దిక్కు బతికినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు ఎంత చెప్పినా ఒడవదు.

నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. నేత బజారు ఆడవాళ్లు నన్ను చాటుగా గయ్యాళి పంతులమ్మ అనేవాళ్లు. అననీ అనుకునేదాన్ని. నోరు లేకపోతే ఆ బడి ఒక్క నెల కూడా నడిచేది కాదు. బడి అంటే ఏముంది, ఒక ఇంటి వసారా. ఒకటి నుంచి ఐదు దాకా యాభై మంది పిల్లలు, ఒక చెక్క బోర్డు, నేను. ఇంకో పంతులు ఉన్నాడని కాగితం మీద ఉండేది, మనిషిని మాత్రం నేను రెండుసార్లే చూశాను. ఆ వసారా కూడా పోయే రోజు వచ్చింది. ఇంటాయన సాంచాలు పెట్టుకుంటానన్నాడు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. అప్పటికే ఊరంతా అవే, పొద్దున లేస్తే టకటక, పడుకుంటే టకటక.

మా పై అధికారి దగ్గరకు పోయి మొత్తుకున్నాను. ఆయన చల్లగా చెప్పాడు. "నేత బజారులో పాత మగ్గాల షెడ్డు ఉంది గదా, పడావు పడి. జూన్‌లో బడి తెరిచేలోపు బాగు చేయించుకుంటే అది మీ బడి. లేదంటే మీ పిల్లల్ని బస్టాండు అవతలి బడిలో కలిపేస్తాం."

కలపడమంటే కాగితం మీద కలపడమే. ఆ పిల్లలు బస్టాండు దాటి పోరు. ఇంట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడతారు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే కట్టె నాడెలో పెట్టే దారపు కండె చుట్టడానికి చిన్న వేళ్లే బాగా పనికొస్తాయని ఆ బజారులో ప్రతి తల్లికీ తెలుసు. మా నాలుగో తరగతిలో అప్పటికే ముగ్గురే మిగిలారు.

షెడ్డు చూడడానికి పోయాను. పొడుగాటి హాలు. పైన గూన పెంకులు, సగం జారిపోయి. కిటికీలు పిడికెడంత. ఇక నేల సంగతి చెప్పాలంటే, అది నేల కాదు. రెండు వరసల్లో పదహారు గుంతలు. చేతిమగ్గం నేసే మనిషి నేల మీద కూర్చుని కాళ్లు గుంతలోకి జార్చి, కింద ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. నడుము లోతు గుంతలు, ఒక్కొక్కటీ ఒక మనిషి కూర్చుని కూర్చుని అంచు నున్నగా అయిపోయినది. పదిహేను గుంతల మీద మగ్గాలు లేవు. పదహారో గుంతలో ఒక ముసలాయన కూర్చుని ఎర్ర తువ్వాళ్లు నేస్తున్నాడు. పక్కన రాట్నం ముందు ఎనిమిదేళ్ల పిల్ల కండెలు చుడుతోంది. ఆయన మనుమరాలు. కొడుకూ కోడలూ పక్క రాష్ట్రం భీవండిలో సాంచాల మీద పనికి పోయారు. తాతా మనుమరాలు షెడ్డు వెనకే ఒక గదిలో ఉంటారు.

ఏప్రిల్ ఆఖరున పని మొదలైంది. వచ్చిన మంజూరు పైకప్పుకే సరి. మిగతాదానికి బజారువాళ్లు తలా ఒక చేయి వేశారు. నన్ను గయ్యాళి అన్న ఆడవాళ్లే సున్నం కలిపారు. గోడలు తొలిచి పెద్ద కిటికీలు పెట్టించాను. తరగతికీ తరగతికీ నడుమ ఛాతీ ఎత్తు గోడలు, పిల్లల చేతికి అందే ఎత్తులో సిమెంటు బోర్డులు, వెనక నల్లా, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి. అప్పట్లో మా మండలంలో అట్లాంటి ప్రైమరీ బడి లేదు. ఎండలో పొద్దంతా నిలబడి మేస్త్రీతో కొట్లాడి, సాయంత్రం గదికి పోతే అన్నం వండుకునే ఓపిక ఉండేది కాదు. మరమరాల్లో ఇంత ఉల్లిపాయ వేసుకుని తిని పడుకునేదాన్ని.

నేల దగ్గరకొచ్చేసరికి మేస్త్రీ చేతులెత్తేశాడు. "గీ ముసలాయన లేస్తెనే గద నేను మొరం వోసేది. పదిహేను పూడ్సి ఒకటి ఇడిసిపెడ్తె బండలెట్ల పరవాలె?"

ముసలాయన దగ్గరకు పోయాను. ఆయన తలెత్తలేదు. మగ్గానికి ఎక్కించిన నిలువు దారాల పడుగులో నాడె అటూ ఇటూ పోతూనే ఉంది.

"ఎన్నొద్దులు నేస్తవ్ తాతా గదొక్క పడుగు?" అన్నాను.

"అయిపోనియ్యి బిడ్డా. పడుగును నడుమ కోస్తరా ఎవలన్న?"

"నీ ఒక్కనికోసం యాభై మంది పోరగాండ్లు ఎండల గూసోవాల్నా?"

"ఎండకాలం సెలవులాయె. ఎండల ఎవలు గూసున్నరు?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. "నవ్వుతున్నవా? గా పిల్లను సూడు. వేండ్లన్ని దారం కోసుకపొయ్యి ఉన్నయ్. దాని ఈడు పిల్లలు రెండో తరగతి సదువుతున్నరు. సిగ్గనిపిస్తలేదా నీకు?" అని గట్టిగానే అరిచాను. మేస్త్రీ, కూలీలు అందరూ విన్నారు.

నాడె ఆగింది. ఆయన పిల్ల చేతుల వంక చూశాడు. "అనిపిస్తది. నేసుడు తప్ప ఇంకోటి రాదు బిడ్డా నాకు. కండె సుట్టెటోళ్లు లేకుంటె మగ్గం నడవది. మగ్గం నడవకుంటె ఇద్దరికి బువ్వ లేదు," అన్నాడు.

నేను విసవిస నడుచుకుంటూ వచ్చేశాను. ఓడిపోయినప్పుడు విసవిస నడవడం నాకు అలవాటు.

నాలుగు రోజుల తర్వాత ఆయనే నా దగ్గరకు వచ్చాడు. పడుగు అయిపోయిందట. మళ్లీ కొత్తది ఎక్కించనన్నాడు. ఒక సాంచాల కార్ఖానాలో బట్ట మడతలు వేసే పనికి ఒప్పుకున్నాడు. "దాన్ని బడికి తోలుత. రాసుకో పేరు. గుంత పూడ్సుకో. గని ఒక్క మాట."

ఆ మాట ఇది. నేయడం మానేసిన మగ్గం కట్టెను వాళ్లు అమ్ముకుంటారు, ఏదో ఒకటి చేస్తారు. నాడెను మాత్రం పొయ్యిలో పెట్టరు. ఆ షెడ్డులో నేసిన పదహారు కుటుంబాల్లోనూ తాతలో తండ్రులో వాడిన నాడెలు ఇళ్ల దూలాల మీద దాచి ఉన్నాయి. గుంతలు పూడ్చేముందు ఎవరి నాడెను వారి గుంతలో పెడతామని ఆయన అడిగాడు.

"కట్టె ముక్కలకు గింత తతంగమా?" అన్నాను. బండలు ఎప్పుడు పడతాయా అన్నదే నా బాధ.

"కట్టె ముక్క గాదు బిడ్డా. మా నాయిన సెయ్యి వడి వడి నున్నగైంది. మా మీద మన్ను వోస్తున్నవ్. గింతయినా జేసుకోనియ్యి."

సరేనన్నాను. ఆయన అంతటితో పోలేదు. "నువ్వు దగ్గరుండాలె. సర్కారు మనిషివి. దినాలు మంచిగ లెవ్వు. రేపు ఎవడన్న అచ్చి గిదేందని అడుగుతె నువ్వు జెప్పాలె. మా మాట ఎవలింటరు?"

"నేనుంటా. నేను జెప్తా. నన్ను అడిగెటోడు ఎవడు?" అన్నాను. అప్పుడు ఆ మాట మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

మరునాడు పొద్దున్నే పదహారు ఇళ్లవాళ్లు స్నానాలు చేసి వచ్చారు. ముసలాయన తన ఆఖరి పడుగులోంచి కొంత బట్ట మిగుల్చుకున్నాడు. దాన్ని పదహారు ముక్కలు చింపాడు. ఒక్కో నాడెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పోకవక్క పెట్టి, ఆ ఎర్ర బట్టలో ముడుపు కట్టి గుంతలో పెట్టారు. మగవాళ్లు తలగుడ్డలు తీసి గుంతల చుట్టూ తలలు వంచి నిలబడ్డారు. నేను గడప దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాను.

ఊరి గోడల నిండా ఎర్ర రాతలు. ఊరవతల చనిపోయిన అన్నల పేర్లతో ఎర్ర స్తూపం. స్తూపం ముందు తల వంచి నిలబడ్డవాళ్లను స్టేషన్‌కు తీసుకుపోతున్న రోజులు. అయినా ముడుపు బట్ట ఎర్రగా ఉండకూడదన్న ఆలోచన ఆ పదహారు ఇళ్లలో ఒక్కరికీ రాలేదు. వాళ్ల కంటికి అది కుంకుమ రంగు. అంత చదువుకున్నదాన్ని, నాకూ తట్టలేదు.

మొరం పోశారు, నీళ్లు కొట్టారు, దిమ్మిసలతో గుద్దారు. మే నెల దాటకముందే షాబాద్ బండలు పరిచారు. జూన్‌లో బడి తెరిచిన రోజు పిల్లలు ఆ నున్నటి నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా జారుకుంటూ పోయి, గుద్దుకుని, మళ్లీ మొదలుపెట్టారు. అరవలేదు నేను. కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. పిల్లను ముసలాయనే చేయి పట్టుకుని తెచ్చి రెండో తరగతిలో కూర్చోబెట్టాడు. పలక కొత్తది. ఆయన గుంత ఉన్నచోటే ఆ పిల్ల కూర్చుంది, తెలిసి కూర్చుందో తెలియకో.

మూడో వారం బంద్ పిలుపు వచ్చింది. శనివారమే బస్సులు ఆగిపోయాయి. ప్రతి శనివారం కోరుట్లకు పోయేదాన్ని ఆ వారం పోలేకపోయాను. ఆదివారం గదిలో ఏం చేయాలో తోచక బడికి పోయాను. గోడల మీద అక్షరాలు రాసే పని మిగిలి ఉంది. బజారంతా తలుపులు వేసుకుని ఉంది, సాంచాలు కూడా ఆగాయి. నేను పోవడం ఎవరూ చూడలేదు. పిల్ల ఒక్కతే వెనక గదిలోంచి వచ్చి, నేను రాస్తున్న అక్షరాలు పైకి చదువుతూ కూర్చుంది.

జీపు వచ్చి ఆగింది. ఆరుగురు పోలీసులు, కొత్తగా వచ్చిన ఎస్సై. ఆయన వేరే జిల్లా మనిషి, మాటతోనే తెలుస్తుంది. నన్ను ఎవరని అడిగాడు. టీచరునన్నాను. పక్కన నిలబడమన్నాడు. గడ్డపారతో మొదటి బండ లేపారు. రెండు నిమిషాలు తవ్వేసరికి ఎర్ర ముడుపు బయటపడింది. అది చూసి వాళ్లు రెండోది, మూడోది, వరసగా అన్నీ లేపారు. మొరం కుప్పలు పడుతుంటే నేను తలుపు పక్కన నిలబడ్డాను. పిల్ల నా చీర కొంగు పట్టుకుని వెనక నిలబడింది.

ఆయుధాలేమో అనుకుని వచ్చినట్టున్నారు. కట్టె నాడెలు చూసి ఒక జవాను నవ్వాడు కూడా. ఎస్సై నవ్వలేదు. "పదహారు ఎర్రగుడ్డలు, పసుపు కుంకుమ, జనమంతా తలగుడ్డ తీసి నిలబడటం. మాకంతా తెలిసింది. ఎవరి పేరు మీద పాతారు ఇవి? చచ్చిన పదహారు మంది ఎవరు?" అని నా వంక తిరిగాడు. "మేడమ్, ఇది మీ బడి. మీకు తెలియకుండా జరగదు. ఎవరు పెట్టించారు?"

ఏం చెప్పాలో నాకు పూర్తిగా తెలుసు. సార్, ఇవి మగ్గం నాడెలు, ఇక్కడ మగ్గాలుండేవి, వాళ్ల ఆచారం, నేను దగ్గరుండి పెట్టించాను. అంతే. నాలుగు మాటలు. సర్కారు జీతం తీసుకునే టీచరు చెబితే ఆయన వినేవాడే. నాకు ఇప్పటికీ అదే అనిపిస్తుంది.

జగిత్యాలలో నా చిన్నప్పుడు మా పక్కింటి నుంచి కాలేజీ పిల్లవాణ్ని పోలీసులు తీసుకుపోయారు. వాళ్లమ్మ ఏడాది పాటు రోజూ స్టేషన్ గేటు ముందు కూర్చుని వచ్చేది. ఆ గేటే నా కళ్ల ముందుకు వచ్చింది. ఇది సాకు అంటారా, సాకే.

"నాకు తెల్వది సార్," అన్నాను.

ఆ మాట అనేసరికి ముసలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడ్డపార చప్పుడు విని వెనక నుంచి పరుగెత్తి వచ్చాడు. రొప్పుతున్నాడు. నా మాట విన్నాడు. నా వైపు చూశాడు. నేను గోడ మీది అక్షరాల వైపు చూశాను.

"పంతులమ్మకేం ఎరుకలేదు సారూ. నేనే వెట్టిన," అన్నాడు.

జీపులో ఎక్కించుకుని తీసుకుపోయారు. పిల్ల నా కొంగు వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. నేను వెనకదారిన, చెరువు గట్టు మీదుగా గదికి పోయాను.

సోమవారం బడికి పోతే బజారువాళ్లు గుంపుగా వచ్చి, జరిగిందంతా నాకే చెప్పారు. "నువ్వు కోరుట్లకు వోతివి గద పంతులమ్మా, నువ్వుంటె గిట్ల కాకపోవు," అంది సున్నం కలిపినవాళ్లలో ఒకామె. బస్సులు లేవన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. నేను గుర్తు చేయలేదు. పెద్దమనుషులు స్టేషన్‌కు రమ్మని అడిగారు. "సర్కారు నౌకరీదాన్ని, నేనొస్తె మీకే ఇంకింత కష్టం," అన్నాను. నిజమేనని తలలూపారు. ఎప్పుడూ అరిచే మనిషి మెల్లగా మాట్లాడితే జనం ఎంత తొందరగా నమ్ముతారో ఆ రోజు తెలిసింది.

మూడో రోజు ఒక సాంచాల ఆసామి పూచీ మీద ఆయన్ను వదిలారు. చూడడానికి పోయాను. పోకపోతే బాగుండదు కాబట్టి పోయాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు పాదాలూ వాచి నల్లబడ్డాయి. చుట్టూ పది మంది. ఒక ముసలావిడ నన్ను చూసి, "గా పొద్దు పంతులమ్మ బడిల ఉన్నదని ఎవలో అన్నరు?" అంది.

పిల్ల తాత పక్కన కూర్చుని ఉంది.

"ఎవలన్నరు? ఆమె కోరుట్లల ఉండె," అన్నాడు ముసలాయన. "ఉంటె ఊకుంటదా ఆమె? గా ఎస్సైని వొట్టిగ ఇడిసిపెట్టునా?"

అందరూ నవ్వారు. గయ్యాళి పంతులమ్మ ఎస్సైని ఎట్లా కడిగేసి ఉండేదో ఒకామె చేతులు తిప్పి చూపించింది కూడా. నాకు చాయ్ ఇచ్చారు. తాగాను.

బండలు మళ్లీ వేయించాను. ఈసారి ముడుపులు లేవు. నాడెలను పోలీసులు తీసుకుపోయారు, తిరిగి ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. బడి బాగా నడిచింది. ఇంకో టీచరమ్మ వచ్చింది. చూడడానికి పై ఊళ్ల నుంచి అధికారులు వచ్చి, మంచి బడి అని రాసి పోయారు. ముసలాయన కుంటుకుంటూ కార్ఖానాకు పోయేవాడు. ఎదురుపడితే "బాగున్నవా బిడ్డా?" అనేవాడు, ఎప్పటిలాగే. ఒక్కసారి తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది. బడి గడప మాత్రం ఆ తర్వాత ఎక్కలేదు.

పిల్ల చక్కగా చదివింది. అడిగిందానికి జవాబు చెప్పేది. నా మొహం వంక చూసి చెప్పేది కాదు. నేను తరగతిలో ఎవరి మీదైనా అరిస్తే మిగతా పిల్లలు బెదిరేవాళ్లు, ఆ పిల్ల మాత్రం తన పలక తుడుచుకుంటూ కూర్చునేది. ఆ పిల్ల ముందు అరవడం నాకు రానురాను చేతకాకుండా పోయింది. నేను మెత్తబడ్డానని బజారువాళ్లు అనుకున్నారు.

పిల్ల ఐదో తరగతి చదువుతున్న ఏడు చలికాలంలో ముసలాయన చనిపోయాడు. పరీక్షలయ్యాక పిల్ల టీసీ కోసం వచ్చింది. హైస్కూల్లో చేరాలి. నా బల్ల ముందు నిలబడి, నేను రాస్తున్నంతసేపు చేతులు కట్టుకుని చూసింది. సంతకం పెడుతుండగా అడిగింది.

"టీచర్, మీరు గా పొద్దు బడిల లేరని, ఎవలడిగినా గట్లనే జెప్పాలన్నడు మా తాత. నేను గట్లనే జెప్పిన. ఇప్పుడు తాత లేడు గదా. ఇగ నిజం జెప్పొచ్చా?"

నింద ఏమీ లేదు ఆ గొంతులో. పదకొండు పన్నెండేళ్ల పిల్ల, పెద్దలకిచ్చిన మాట ఎప్పటిదాకా ఉంటుందో తెలుసుకుందామని టీచరును అడిగింది. చెప్పమని అనొచ్చు. వద్దని అనొచ్చు. నేను రెండూ అనలేదు. టీసీ మడిచి ఆమె చేతిలో పెట్టి, "మంచిగ సదువుకో," అన్నాను. ఆమె కాసేపు నిలబడి చూసి, నమస్తే పెట్టి పోయింది.

ఏళ్లు గడిచాయి. నేను సిరిసిల్ల వదిలి, కోరుట్లలో రిటైరయ్యాను. నేత బజారువాళ్లు ఎక్కడ కనిపించినా ఆ కథే ఎత్తుతారు, మీరు ఆ రోజు ఉండి ఉంటేనా పంతులమ్మా అని. అంటే ఆ పిల్ల ఇంతవరకు ఎవరికీ చెప్పలేదన్నమాట. నేను జవాబు చెప్పలేదు కాబట్టి, తాత మాటే ఇంకా మోస్తోంది. ఆ బరువు ఆమెది కాదు.

నేను ఆ రోజు బడిలోనే ఉన్నాను.